రావిచెట్టు మీద గబ్బిలాలు, తాటిచెట్టు మీద కుండ

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక ఊరు. మా మావయ్యగారు ముప్పై ఏళ్లుగా తాటిచెట్లు గీస్తున్నారు. ఇంటి వెనక చెరువుగట్టు మీద పెద్ద రావిచెట్టు ఉంది. దాని నిండా గబ్బిలాలే. కేరళలో నిపా వైరస్ జబ్బు వచ్చిందని టీవీలో చూసినప్పటి నుంచి ఊళ్లో ఒకటే గోల. చెట్టు కొట్టేద్దామని కొందరు, టపాకాయలు కాల్చి గబ్బిలాల్ని తోలేద్దామని కొందరు అంటున్నారు. మా బాబుకి ఏడేళ్లు. పొద్దున్నే లేచి గబ్బిలాలు పడేసిన బాదంకాయలు ఏరుకొచ్చి తింటాడు. మా తమ్ముడు కేరళలోనే కోజికోడ్‌లో పని చేస్తున్నాడు. పండక్కి వస్తానంటే, వాణ్ని రానివ్వొద్దని పక్కింటివాళ్లు అంటున్నారు. అసలు ఈ జబ్బు ఎక్కడ పుట్టింది? మాకు ప్రమాదం ఎంత? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి, కోనసీమ

సమాధానం:

అమ్మా,

ముందు కాస్త నిద్ర పట్టే మాట చెబుతాను. మన దేశంలో మనుషులకు నిపా సోకిందని పరీక్షల్లో తేలింది రెండు రాష్ట్రాల్లోనే. ఒకటి పశ్చిమ బెంగాల్, రెండోది కేరళ. మన గోదావరి జిల్లాల పేరు అందులో లేదు. మీ రావిచెట్టు మీది గబ్బిలాలు నిన్నగాక మొన్న వచ్చినవీ కావు. మీ మావయ్యగారి చిన్నప్పుడు కూడా అక్కడే వేలాడుతూ ఉండి ఉంటాయి.

అలాగని మనకు ఎన్నటికీ రాదని రాసిచ్చే ధైర్యం నాకు లేదు. పళ్లు తినే పెద్ద గబ్బిలాలే ఈ వైరస్‌కు ఇల్లు. ఆ జాతి గబ్బిలాలు మన దేశమంతటా ఉన్నాయి. ఆ రెండు రాష్ట్రాల బయట కూడా కొన్ని చోట్ల గబ్బిలాల రక్తంలో ఈ వైరస్ ఆనవాళ్లు దొరికాయి. కాబట్టి భయపడాల్సింది ఉంది. కాకపోతే మీ ఊరివాళ్లు భయపడుతున్నది చెట్టును చూసి, మీ తమ్ముణ్ని చూసి. నేను చూడమనేది మావయ్యగారి కుండలోకి, బాబు చేతిలోని బాదంకాయ వైపు. ఎందుకో అర్థం కావాలంటే ఈ జబ్బు మనిషి దాకా ఎలా వచ్చిందో తెలియాలి.

1998 చివర్లో మలేషియాలో, ఈపో అనే పట్నం చుట్టుపక్కల పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు జ్వరాలు మొదలయ్యాయి. జ్వరం, తలనొప్పి, ఆ తర్వాత మగత, మతి తప్పడం, ఫిట్స్. మనవైపు పెద్దవాళ్లకు మెదడువాపు అనగానే పందులు, దోమలు గుర్తొస్తాయి కదా, అక్కడి వైద్యులకూ అదే గుర్తొచ్చింది. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా మరణాలు ఆగలేదు.

లెక్క ఎక్కడో తప్పిందని కొందరికి అనుమానం వచ్చింది. దోమల వల్ల వచ్చే ఆ మెదడువాపు ఎక్కువగా పిల్లల్ని పట్టుకుంటుంది. ఇక్కడ పడిపోతున్నది దిట్టంగా ఉన్న మగవాళ్లు, అదీ పందుల్ని చేత్తో పట్టుకుని పనిచేసేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లూ పోతున్నారు. దోమ అందర్నీ కుడుతుంది, కానీ పందుల జోలికి పోనివాళ్లకు దాదాపు ఏమీ కావడం లేదు. పైగా మనుషులకంటే ముందే పందులు పెద్ద శబ్దంతో దగ్గడం మొదలుపెట్టాయి. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కా బింగ్ అనే వైద్యుడు ఒక రోగి వెన్నులోంచి తీసిన నీటిలో కొత్త వైరస్‌ను పట్టుకున్నాడు. ఆ రోగిది సుంగై నిపా అనే ఊరు. వైరస్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. మొత్తం మీద మలేషియాలో 265 మందికి సోకి, 105 మంది చనిపోయారు. అక్కడి పందుల్ని దిగుమతి చేసుకున్న సింగపూర్‌లో కబేళా పనివాళ్లు 11 మందికి వచ్చింది, ఒకరు పోయారు. చివరికి పది లక్షల దాకా పందుల్ని చంపితే గానీ అది ఆగలేదు.

మరి పందులకు ఎక్కడి నుంచి వచ్చింది? చువా బృందం తియోమన్ అనే దీవికి వెళ్లి, గబ్బిలాలు వేలాడే చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి వాటి మూత్రం పట్టింది. అందులో వైరస్ దొరికింది. గబ్బిలం సగం తిని వదిలేసిన ఒక పండు మీద కూడా దొరికింది. ఈపో దగ్గర మొదట జబ్బు కనబడిన ఫారంలో పందుల పాకల పక్కనే మామిడిచెట్లు వేశారు. రాత్రి గబ్బిలాలు వచ్చి మామిడిపళ్లు కొరికాయి. ఎంగిలి కాయలు పాకల్లో పడ్డాయి, పందులు తిన్నాయి. పంది నుంచి మనిషికి అంటుకుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త జబ్బు పుట్టిందని మనం అంటాం గానీ అక్కడ కొత్తగా పుట్టిందేమీ లేదు. గబ్బిలాల ఒంట్లో ఆ వైరస్ ఎంతో కాలంగా ఉంది, వాటికి దానివల్ల జబ్బు కూడా చేయదు. కొత్తగా జరిగిందల్లా దాని ఎంగిలి పడే చోటికి మరొకరి తిండి చేరడం. ఆ ఎంగిలిని గుర్తుపెట్టుకోండి. మీ ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

బంగ్లాదేశ్‌లో మధ్యలో పంది కూడా లేదు. 2001 నుంచి అక్కడ తరచుగా చలికాలంలో నిపా వస్తోంది. వాళ్లు ఈతచెట్టు లాంటి ఖర్జూరపు చెట్టు మొదలు పైభాగాన చెక్కి, రాత్రంతా కారిన తీపి రసాన్ని కుండలో పట్టి, తెల్లవారుజామున పచ్చిదే తాగుతారు. చెక్కిన చోట రసం బయటే జారుతుంది కాబట్టి గబ్బిలం హాయిగా వాలి నాకుతుంది. కుండ మీద కూర్చుని మూత్రం పోస్తుంది, రెట్ట వేస్తుంది. పరిశోధకులు చీకట్లో పనిచేసే కెమెరాలు పెట్టి దీన్ని ఫొటోలు తీశారు. పులిసిన కల్లు తాగినవాళ్లకు కూడా అక్కడ ఈ జబ్బు వచ్చింది. ‘పులిస్తే పురుగు చస్తుంది’ అనుకోవడానికి లేదు. కల్లులో ఉండే కొద్దిపాటి మత్తుకు చచ్చే వైరస్ కాదిది. మన దేశంలో 2007లో పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో ఐదుగురికి సోకితే ఐదుగురూ చనిపోయారు. వాళ్లలో మొదటివాడికి కల్లు అలవాటు, అతని ఇంటి చుట్టూ చెట్ల మీద బోలెడు గబ్బిలాలు.

ఈ మాట చదివాక మీ గుండె గుభేలుమని ఉంటుంది, నాకు తెలుసు. కానీ మావయ్యగారి పనికీ బంగ్లాదేశ్ పనికీ ఒక తేడా ఉంది. తాటిచెట్టుకు మొదలు చెక్కరు, గెల కొన గీస్తారు. ఆ కొనను కుండలోకి దూర్చి కడతారు. రసం చాలావరకు కుండ లోపలే చుక్కలు చుక్కలుగా పడుతుంది. అది మన అదృష్టం. అయినా కుండ మూతి చుట్టూ సందు ఉంటుంది. రాత్రి ఆ తీపి వాసనకు ఏం వస్తాయో, కుండలో ఏం పడి ఉంటాయో పొద్దున చెట్టెక్కే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆయనకు పని మానమని నేను చెప్పను. ముప్పై ఏళ్లుగా మోకు మీద బతుకు నడిపిన మనిషికి ఆ మాట చెప్పడం తేలిక, వినడం కాదు. కుండ మూతి మూయమని చెబుతాను. బంగ్లాదేశ్‌లో గీత పనివాళ్లు వెదురు బద్దలతో, జనపపుల్లలతో, జీలుగ కట్టెలతో తడకలల్లి, చెట్టు చెక్కిన చోటికీ కుండకూ కలిపి కప్పుతారు. అలా కప్పిన చెట్లకు గబ్బిలాల తాకిడి బాగా తగ్గిందని కెమెరాల్లోనే తేలింది. జీలుగ మనకు కొత్తా? పచ్చిరొట్టకు చల్లుతూనే ఉంటాం. ఆ కట్టె దొరక్కపోతే తాటాకు బుట్ట అల్లి కుండ మీద బోర్లించినా, సన్నటి వల గెలకూ కుండకూ కలిపి చుట్టినా సరిపోతుంది. గబ్బిలం నాలుక, మూత్రం రసం దాకా వెళ్లకూడదు, అంతే చూసుకోవాలి. రెట్ట కనబడిన కుండ, మూత తొలగిపోయి ఉన్న కుండ పారబోయాల్సిందే. అందులో ఒక పూట కూలి పోతుంది. ఆ బాధ నాకు తెలియంది కాదు, అయినా పారబోయమనే చెబుతాను. దించిన కుండల్ని సలసల కాగే నీళ్లతో కడగండి. చెట్టు దిగగానే ఆయన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే బీడీ అయినా, అన్నం అయినా. ఈ వైరస్ సబ్బుకు నిలవదు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఖండితంగా చెబుతాను. పొద్దున దించిన తీపి కల్లు ‘చలవ చేస్తుంది’ అని పిల్లలకు గ్లాసుడు పోస్తారు మన దగ్గర. బాబుకి అది వద్దు. పచ్చి నీరా కూడా వద్దు. కాచిన దానికి భయం లేదు. తాటిబెల్లం గంటల తరబడి మరుగుతుంది, ఎంతైనా పెట్టండి. ముంజల మీద కూడా అనుమానం వద్దు. కాయ ఎవరూ కొరక్కుండా ఉంటే లోపలి ముంజె శుభ్రమే, కత్తి కడిగి కొట్టండి. తేగలు ఉడికించే తింటాం, తాటిపండుతో రొట్టె కాల్చే తింటాం. ఇవన్నీ మానేస్తే ఇక మనం కోనసీమలో ఉండి ఏం లాభం?

ఇక బాబు బాదంకాయల సంగతి. ఇది నాకు బాగా తెలిసిన సంగతి, నేనూ ఏరుకున్నవాణ్నే. పొద్దున్నే ఇంకా మంచు తడి ఆరకముందే వాకిట్లో బాదంకాయలు పడి ఉండేవి. పైన ఎర్రటి తొక్క చుట్టూ గీరేసి ఉండేది, పీచు మాత్రం మిగిలేది. పక్కనే నమిలి ఉమ్మేసిన పిప్పి, చిన్న చిన్న బిళ్లల్లా. గబ్బిలం రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. ఆ కాయని అరుగు మీద పెట్టి రాయితో కొట్టి, లోపలి తెల్ల పప్పు గోటితో తీసి నోట్లో వేసుకునేవాళ్లం. కొట్టేటప్పుడు ఒక చేత్తో కాయని పట్టుకోవాలి, అదే చేత్తో పప్పు తీయాలి. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేయే నాకు కనిపిస్తుంది. లోపలి పప్పుకు పెంకు రక్షణ ఉంది, పైన పట్టుకున్న వేళ్లకు లేదు.

మన పిల్లలకు ఇంకో నమ్మకం, చిలక కొట్టిన జామపండు తీపి అని. పగలు చిలక కొట్టిందో రాత్రి గబ్బిలం కొరికిందో పండు చూసి చెప్పడం పెద్దవాళ్లకే కష్టం. అందుకని బాబుకి ‘గబ్బిలం కొరికింది తినకు’ అని చెబితే సరిపోదు. ‘నువ్వు కోసింది తిను, కింద పడింది తినకు’ అని చెప్పండి, అది వాడికి అర్థమవుతుంది. గాటు పడిన పండు మామిడి అయినా, జామ అయినా, సపోటా అయినా, గాటు మేరకు కోసేసి మిగతాది తినకూడదు, మొత్తం పారేయాలి. గాటు లేని పండు బాగా కడిగి తొక్క తీసి తినాలి. వాకిలి ఊడ్చేది మీరే కాబట్టి పొద్దున్నే, వాడు లేవకముందే, ఆ కాయలూ పిప్పీ చీపురుతో తీసి గోతిలో వేసి మట్టి కప్పండి. చేత్తో ఏరొద్దు. పశువుల ముందు పడేయొద్దు. నూతి మీద చెట్టు కొమ్మలు ఉంటే వల కట్టించండి. బజారులో కొన్న పళ్లకు, కోడి కూరకు ఈ జబ్బుతో ముడి పెట్టి భయపడకండి.

చెట్టు కొట్టేయాలనే కుర్రాళ్లకు ఆస్ట్రేలియా సంగతి చెప్పండి. నిపాకు అక్కడ ఒక దాయాది వైరస్ ఉంది, పేరు హెండ్రా. 1994లో బ్రిస్బేన్ నగరంలో హెండ్రా అనే పేటలో పందెపు గుర్రాలకు, వాటిని సాకే మనిషికి వచ్చింది, ఆయన చనిపోయాడు. అదీ పళ్ల గబ్బిలాల నుంచి గుర్రాలకు వచ్చిందే. అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి లెక్కలు చూశాక తేలింది ఏమిటంటే, అడవిలో పూలచెట్లు తగ్గి గబ్బిలాలకు తిండి దొరకని ఏడాదుల్లో అవి చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఊళ్లలోకి, గుర్రాల మేత స్థలాల దగ్గరికి వచ్చాయి. జబ్బు దాటడం అప్పుడే పెరిగింది. అడవిలో చెట్లు బాగా పూసిన చలికాలాల్లో దాటలేదు. మీ రావిచెట్టు కొడితే గబ్బిలాలు మాయమైపోవు. ఇవాళ ఒక్క చెట్టు మీద ఉన్నవి రేపు నాలుగు పెరళ్లలో, నాలుగు కొబ్బరితోటల్లో ఉంటాయి. టపాకాయలు కాలిస్తే బెదిరిపోయి ఆ క్షణాన కిందున్నవాళ్ల మీదే మూత్రం పోస్తూ లేస్తాయి. చెట్టును అలాగే ఉండనివ్వండి. దాని కింద మంచం వేయకండి, వడియాలు ఆరబెట్టకండి, పిల్లల్ని ఆడనివ్వకండి. చచ్చినదో దెబ్బతిన్నదో కింద పడితే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

మీ తమ్ముడి గురించి. వాణ్ని రమ్మనండి. నిపా కరోనాలా దారిన పోయేవాళ్లకు అంటుకునే జబ్బు కాదు. జబ్బు పడ్డ మనిషికి బాగా దగ్గరగా ఉండి, ఉమ్మి, కఫం, వాంతి, మూత్రం తగిలినవాళ్లకు వస్తుంది. కేరళలో కేసు వచ్చినప్పుడల్లా ఆ రోగికి దగ్గరగా మెలిగినవాళ్లందరి పేర్లూ రాసుకుని 21 రోజులు కనిపెట్టి చూస్తారు. మీ తమ్ముడు ఆ జాబితాలో లేకుండా, ఆరోగ్యంగా ఉంటే, కోజికోడ్‌లో ఉద్యోగం చేయడమే తప్పన్నట్టు చూడటం అన్యాయం. ఒకవేళ జాబితాలో ఉంటే వాళ్లే ప్రయాణం చేయనివ్వరు, అప్పుడు గడువు అయ్యాక వస్తాడు. పక్కింటివాళ్లకు ఈ నాలుగు మాటలూ చదివి వినిపించండి.

ఇప్పుడు మీరు అడిగిన ‘ప్రమాదం ఎంత’ అన్నదానికి సూటిగా చెబుతాను. రావడం చాలా అరుదు, వస్తే చాలా చెడ్డది. సోకినవాళ్లలో నూటికి 40 నుంచి 75 మంది దాకా చనిపోతున్నారు. బతికినవాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఫిట్స్, మనస్తత్వంలో మార్పు లాంటివి మిగిలిపోతున్నాయి. దీనికని ఆమోదం పొందిన మందు గానీ టీకా గానీ లేదు, ప్రయోగాలు నడుస్తున్నాయి. అయితే త్వరగా గుర్తుపట్టి మంచి ఐసీయూలో చూసుకుంటే తేడా ఉంటుంది. 2018లో కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో పరీక్షలో నిర్ధారణ అయిన 18 మందిలో ఇద్దరే బతికారు. 2023లో కోజికోడ్‌లో ఆరుగురికి వస్తే నలుగురు బతికారు.

ఆ 2018లోనే కోజికోడ్ జిల్లా పేరాంబ్ర ఆసుపత్రిలో మొదటి రోగుల్ని చూసిన నర్సు లినీ పుదుశ్శేరి మే 21న చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. అంతకుముందు 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి సోకి 45 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి సిబ్బంది, రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్లు. అది నిపా అని ఏళ్ల తర్వాత గానీ తేలలేదు. మన దగ్గర ఒకరు మంచాన పడితే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి మంచం చుట్టూ చేరతాం, మూతి తుడుస్తాం, రోగి తినగా మిగిలింది మనం తింటాం. ప్రేమతో చేసే పనే. జ్వరంతో మతి తప్పిన మనిషి విషయంలో మాత్రం ఒక్కరే దగ్గర ఉండండి, మాస్కు, గ్లవుజులు పెట్టుకోండి, ఎంగిలి ముట్టకండి, తుడిచిన గుడ్డ వేరే పెట్టండి.

జ్వరం వచ్చిన ప్రతిసారీ నిపా అనుకోకండి. మన డెల్టాలో జ్వరమంటే డెంగీనో, మలేరియానో, టైఫాయిడో, మామూలు వైరల్ జ్వరమో అయ్యే అవకాశమే చాలా చాలా ఎక్కువ. నిపా లోపల చేరిన 4 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, గొంతునొప్పితో మొదలవుతుంది. ఇవి అన్ని జ్వరాలకూ ఉండేవే. వాటితోపాటు మనిషి మగతగా అయిపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం, ఫిట్స్, ఊపిరి అందకపోవడం కనిపిస్తే మాత్రం ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ రాత్రి గడపకండి. ఒకటి రెండు రోజుల్లోనే కోమాలోకి వెళ్లిపోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అది నిపా కాకపోయినా, ఏ మెదడువాపు అయినా, అదే సరైన పని.

అక్కడ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: మావయ్యగారు కల్లు గీస్తారని, ఇంటి దగ్గర గబ్బిలాలు ఉన్నాయని, రోగి పచ్చి కల్లు తాగాడనో, కొరికిన పండు తిన్నాడనో, కేరళ వెళ్లొచ్చాడనో, ఏది నిజమైతే అది. సిగ్గుపడి దాచొద్దు. హడావుడిలో ఉన్న డాక్టరుకు ఆ ఒక్క మాట దొరికితే గొంతులోంచి, రక్తంలోంచి నమూనాలు తీయించి పరీక్షకు పంపాలని తడుతుంది, రోగిని విడిగా పెట్టాలనీ తడుతుంది.

మావయ్యగారితో కుండ మూత సంగతి మాట్లాడేటప్పుడు, ‘డాక్టరు గారు చెప్పారు, మీరు ఇలా చేయాలి’ అనకండి. ‘కుండ మూతికి గబ్బిలం వాలకుండా ఏం కడితే బాగుంటుంది మావయ్యగారూ’ అని అడగండి. ముప్పై ఏళ్లుగా చెట్టెక్కుతున్న మనిషి, నాకంటే మంచి ఉపాయమే చెబుతారు. ఆయన ఏం కట్టారో, అది గాలికి నిలిచిందో లేదో నాకు రాయండి. తక్కిన ఊళ్లవాళ్లకు కూడా చెబుతాను.